తొందర లేని దీవి

"ఇన్ని జాగాలొద్దు బాబూ. ఒక్క కాడే ఉంటాం," అంది బుల్లమ్మ, పృథ్వీరాజ్ ముందుకు జరిపిన రంగుల కాగితాన్ని వెనక్కి నెడుతూ.

ఆమదాలవలస స్టేషను రోడ్డులో పృథ్వీరాజ్ ట్రావెల్స్ ఆఫీసు పెట్టి తొమ్మిదేళ్లయింది. తిరుపతికీ కాశీకీ టికెట్లు తీయించుకునేవాళ్లే ఎక్కువ. అండమాన్‌లో మంచి ఖరీదైన రిసార్టు కావాలని అడిగినవాళ్లు వీళ్లే మొదలు. బుల్లమ్మకి యాభై దాటి ఉంటాయి. పక్క కుర్చీలో ఆమె భర్త దాలయ్య సంచీ ఒళ్లో పెట్టుకుని గోడ మీది విమానం బొమ్మను చూస్తున్నాడు. ఉద్దానంలో వాళ్లకు కొబ్బరితోట ఉండేదట. పోయిన నెల అమ్మేశారట.

"నాలుగు రోజుల్లో ఏడు చోట్లు తిప్పి చూపిస్తారమ్మా. అంత దూరం వెళ్లి ఒక్కచోట కూర్చుంటారా?"

"కూకోడానికే ఎల్తన్నాం. తెల్లారగట్ల లెగడాలు, బస్సు కోసం పరుగులు ఆరేళ్లు సేసినాం. సాలు."

"మన దగ్గరా సముద్రం ఉంది కదమ్మా. మీ ఊరి నుంచి ఎంత దూరమని?"

"ఇక్కడైతే సుట్టాలు ఒగ్గరు. గంటకొకలొచ్చి పలకరిస్తారు. అండమాన్‌లోనూ మనోలు సానామంది ఉంటారంట. ఎరిగినోలు లేని సోటు సూడు."

పృథ్వీరాజ్ ఫోనులో ఇంకో రిసార్టు వెతికి చూపించాడు. అండమాన్‌లోనే, ఊళ్లకు దూరంగా చిన్న దీవి. చెట్ల మధ్య విడివిడిగా చెక్క ఇళ్లు. మంచం మీద పడుకుంటే తలుపుల్లోంచి నీలంగా సముద్రం. బుల్లమ్మ ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఇలాటిదే బావా, టీవీలో వచ్చీది," అంది భర్తతో.

దాలయ్య ఫోను వైపు చూసి తలూపాడు.

ఆమె ఫోను తిరిగి ఇస్తుంటే చీరకొంగు జారింది. ఎడమ చేతికి మోచేతి నుంచి మణికట్టు దాకా నరాలు తాళ్లలా ఉబ్బి మెలికలు తిరిగి ఉన్నాయి. పృథ్వీరాజ్ చూపు తిప్పుకునేలోపు ఆమే చెప్పింది.

"కిడ్నీలు బాబూ. వారానికి మూడుసార్లు డయాలసిస్. నాలుగేసి గంటలు కదలకుండా పడుకోవాల. ఎదురుగా టీవీ ఉంటాది, సౌండుండదు. అందులో సూసినాను ఇలాటి దీవి. ఎవులో ఇద్దరు ఊరికే కూకుని ఉన్నారు. ఏటీ సెయ్యట్లేదు."

"మరి ఆ దీవిలో డయాలసిస్ ఉంటుందో లేదో. కనుక్కోవాలమ్మా."

"అక్కర్లేదు. ఈ సోమవారంతో ఆకరు. మంగళవారం బయల్దేరతాం."

పృథ్వీరాజ్ ముఖం విప్పారింది. "ఎంత మంచి మాట చెప్పారమ్మా! ఆ మిషను నుంచి బయటపడ్డవాళ్లని చూడ్డం నాకు ఇదే మొదలు."

బుల్లమ్మ నవ్వింది. దాలయ్య ఒళ్లోని సంచీని ఒక మోకాలి మీంచి రెండో మోకాలి మీదికి మార్చుకున్నాడు.

"అక్కడ కొబ్బరిబొండాలు దొరుకుతాయా?" అడిగింది ఆమె.

"దీవంతా అవే కదమ్మా. ఎన్ని కావాలంటే అన్ని కొట్టిస్తారు."

"తాగి ఆరేళ్లయింది. తోట నిండా బొండాలే, ఒక్క గుక్క తాగితే ఒట్టు. డాక్టరమ్మ వొద్దంది. మంచినీళ్లు కూడా మా బావ గ్లాసుతో కొలిసి ఇచ్చీవోడు."

"ఇప్పుడు తాగొచ్చన్నమాట."

"ఇప్పుడు ఎన్నైనా తాగొచ్చు."

దాలయ్య లేచి గుమ్మం దాకా వెళ్లాడు. స్టేషనులోంచి గూడ్సు బండి పోతోంది. అది మొత్తం పోయేదాకా అక్కడే నిలబడి, వచ్చి మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాడు. అతని ముఖంలో ఏ మార్పూ లేదు.

"రూము ఎన్ని రోజులకి చెప్పమంటారు?" అన్నాడు పృథ్వీరాజ్.

"పది," అంది బుల్లమ్మ.

"పన్నెండు ఎయ్యి." వచ్చిన దగ్గర్నుంచి దాలయ్య మాట్లాడిన మొదటి మాట అదే.

"పది సాలు బావా."

"పన్నెండు," అన్నాడు దాలయ్య, ఎవరివైపూ చూడకుండా.

ఆమె అతని మోచేతి మీద చెయ్యి వేసింది. "సరే. ఆయన మాటే కానీ బాబూ."

ఈ వయసులో కూడా భార్యను ఇంకో రెండు రోజులు తిప్పాలనుకునే మొగుడు. పృథ్వీరాజ్‌కి ముచ్చటేసింది. పడవ షికారు, నీళ్లలో చేపలు చూపించే ఆటలు కూడా కలపమంటారా అని అడిగాడు. వద్దంది ఆమె. భోజనం గదికే తెప్పించమంది. పొద్దున్నే ఎవరూ తలుపు కొట్టకూడదని రాయించింది.

"అవసరానికి మీవాళ్ల నంబరొకటి కావాలి."

"మా అమ్మాయి దేవిది రాయి. కోటబొమ్మాళిలో ఉంటాది," అంది బుల్లమ్మ. "దానికి ఫోను మాత్రం సెయ్యకు. ఈ ఊసు తెలీదు."

"ఓహో, చెప్పకుండా వెళ్లి ఆశ్చర్యపరుస్తారా?"

"నానొచ్చి సెప్తాను," అన్నాడు దాలయ్య.

పృథ్వీరాజ్ నవ్వుతూ కంప్యూటరు వైపు తిరిగాడు. మంగళవారం పొద్దున విశాఖ నుంచి ఇద్దరికీ విమానం. కిటికీ పక్క సీటు ఆమెకి. దిగాక దీవికి పడవ. అన్నీ కుదిరాయి.

"వెళ్లడానికి అయిపోయిందమ్మా. పన్నెండో రోజున తిరుగు టికెట్లు కూడా ఇద్దరికీ తీసేస్తున్నాను."

దాలయ్య కళ్లు దించుకున్నాడు. బుల్లమ్మే మాట్లాడింది, బొండాల గురించి అడిగినంత మామూలుగా.

"తిరుగు టికెట్టు మా బావొక్కడికే తియ్యి బాబూ."