పదకొండు వరుసలు

"బాబాయ్, మళ్ళీ గళ్ళనుడికట్టేనా?"

"పనంతా ఏఐ చేసిపెడుతుంటే నేనేం చెయ్యనమ్మా, గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోనా?" అంటూ బాబాయి నోటుపుస్తకాన్ని చటుక్కున డ్రాయర్లోకి తోసేసి, పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు.

ఇద్దరిదీ ఒకే ఆఫీసు, పక్కపక్క సీట్లు. అమ్మాయికి ప్రోగ్రాములు రాయడం నేర్పింది ఈ బాబాయే. ఆమె పదో తరగతిలో ఉండగా భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, ముందు కాగితం మీద రాయించి, ఆ తర్వాతే కంప్యూటరు ముట్టుకోనిచ్చేవాడు. రాసింది పనిచేసిన రోజున ఇద్దరూ గంతులేసేవారు. ఇప్పుడా ముచ్చటంతా పోయింది. ఆర్నెల్ల కిందట ఆఫీసులో కొత్త రూలు పెట్టారు. ప్రోగ్రాములన్నీ ఏఐ చేతే రాయించాలి, సొంతంగా రాస్తే ఊరుకునేది లేదు. అమ్మాయి బుద్ధిగా అలాగే చేస్తోంది. అది రాసిన చెత్తను పొద్దస్తమానం దిద్దలేక ఆమె ప్రాణం విసిగిపోతోంది. బాబాయి మాత్రం హాయిగా కూనిరాగాలు తీస్తున్నాడు!

"నీ ఏఐ అంత చక్కగా ఎలా రాస్తుంది బాబాయ్? నాదంతా తప్పుల తడక."

"అడగడంలో ఉందిలే."

"ఆ అడగడమేదో నాకూ చెప్పొచ్చుగా? శుక్రవారం కొందర్ని తీసేస్తారట. నా ఉద్యోగం ఊడేలా ఉంది."

బాబాయి మొహం వాడిపోయింది. ఏదో చెప్పబోయి, మేనేజరు అటే రావడం చూసి ఆగిపోయాడు. "నీకేం కాదమ్మా, నేనున్నాగా!" అన్నాడు.

శుక్రవారం మేనేజరు అందరినీ పిలిచి తెర మీద ఓ ప్రోగ్రాము చూపించాడు. ఆస్పత్రిలో ప్రాణం మీదికొచ్చినవాళ్ళను ముందు లోపలికి పంపుతూ, మిగతావాళ్ళ క్యూ చెదరకుండా చూసేది. దానికోసం అమ్మాయి తన ఏఐ చేత నాలుగొందల వరుసలు రాయించింది, అయినా పనిచెయ్యలేదు. తెర మీద ఉన్నవి పదకొండే. ఎంత అందంగా ఉన్నాయో! ఆమెకు కళ్ళు చెమర్చాయి.

"ఈయనగారి ఏఐ రాసింది ఇది," అన్నాడు మేనేజరు బాబాయిని చూపించి. "మనిషన్నవాడి వల్ల అవుతుందా? ఇంక ఎనిమిది మంది దేనికి? ఈయనొక్కరు చాలు. మిగతావాళ్ళు సాయంత్రంలోగా ఐడీ కార్డులు ఇచ్చేయండి."

బాబాయి "సార్, అదీ..." అంటూ లేచాడు. అందరూ ఆయన వైపు తిరిగారు.

"ఏం లేదు సార్," అని కూర్చున్నాడు. మళ్ళీ తలెత్తలేదు.

అమ్మాయి సామానంతా అట్టపెట్టెలో సర్దుకుంది. దిగమింగుకుంటున్నా ఏడుపు ఆగడం లేదు. అంత చక్కగా రాయడం ఇక మనుషుల తరం కాదని ఒప్పేసుకుంది. ఈ పని కోసం ఇంకో ఆఫీసు గడప తొక్కకూడదనీ అనుకుంది. పెట్టెకు అంటించడానికి టేపు కోసం బాబాయి డ్రాయరు లాగింది. టేపు లేదు. ఆ గళ్ళనుడికట్టు నోటుపుస్తకం ఉంది. తెరిచి చూసింది.

ఆ పదకొండు వరుసలూ పెన్సిలుతో ఉన్నాయి, కొట్టివేతలతో సహా.