టైరు కింద నిమ్మకాయ

ఆయుధపూజ రోజు మా సెల్లారులో కార్లన్నీ వాటంతటవే కదిలి నిమ్మకాయలు తొక్కాయి. మావారి పాత ఎర్ర స్పోర్ట్స్ కారు మాత్రం కదల్లేదు. కంపెనీ అనుమతి కోసం ఆగానని దాని తెర మీద రాసింది. ఆ కంపెనీ మూతపడి నెలైంది.

"నడిస్తే క్లాసిక్, నడవకపోతే తుక్కు. అంతేనండీ," అన్నారు కొనడానికొచ్చిన సాంబమూర్తిగారు.

"ముప్పయ్యేళ్ళుగా వానచుక్క పడనివ్వలేదండీ. ఒక్క నిమిషం ఆగండి," అంటూ మావారు మళ్ళీ బటన్ నొక్కారు.

"మీరు నొక్కితే కంపెనీ లేచొస్తుందా సార్?" అని నవ్వి ఆయన వెళ్ళిపోయారు.

గిన్నెలు తోమడానికైనా పనికొస్తాయని, నలగని నిమ్మకాయలు తీయడానికి వంగాను.

"తియ్యకు నీరజా," అన్నారు మావారు, స్టీరింగు వదలకుండా. "కదిలినప్పుడు తొక్కాలి కదా."

తీసిన ఒక్కదాన్నీ మళ్ళీ టైరు కిందే పెట్టాను.