సిమెంటు ఆరేదాకా

నైలు కాలువ పక్కనున్న మా వీధిలో కార్ల వేగం తగ్గించమని మునిసిపాలిటీకి మూడుసార్లు అర్జీ పెట్టాం. జవాబు లేదు. పొరుగింటి బహీగా కూతురిని కారు గుద్ది చంపాక, ఒక రాత్రి బహీగా, నేను ఇద్దరమే సిమెంటుతో స్పీడ్ బ్రేకర్ వేశాం. ఆరేదాకా ఎవరూ తొక్కకుండా కుర్చీలు అడ్డం పెట్టి కూర్చున్నాం.

“అర్జీ చదవడానికి తీరిక లేనోళ్ళు, కూల్చడానికి మాత్రం తెల్లారకముందే దిగుతారక్కా,” అన్నాను.

“దిగనీవే. మళ్ళీ వేద్దాం.”

ఏ కారూ రాలేదు. కీచుమని బ్రేకు వేసిన చప్పుడు మాత్రం వినిపించింది. టార్చి వేసి చూస్తే తడి సిమెంటు మీద టైరు గుర్తు. సగం దాకా వచ్చి ఆగింది. అవతలి సగం నున్నగానే ఉంది.

బహీగా తాపీ అందుకుని గుర్తును పూడ్చింది. ఖాళీ రోడ్డు వైపు తిరిగింది.

“నువ్వెవరివైనా సరే, ఇక్కడ మెల్లగా పోవాల్సిందే.”

మాకు రెండడుగుల దూరంలో ఇంజను స్టార్టయింది.