నాలుగో ఊరు

మేడ మీద కిటికీ తెర జరపగానే, ఎదుటి టీ కొట్టు బెంచీ మీద కూర్చున్న మొగుడు సాత్వికకి కనిపించాడు.

చక్రధర్ తలెత్తి చూశాడు. నవ్వాడు. టీ తాగడం మాత్రం ఆపలేదు.

ఆమె తెర వదిలేసి గోడకి ఆనుకుంది. చిలకలూరిపేట వచ్చి తొమ్మిది రోజులే అయింది. అంతకుముందు పిడుగురాళ్లలో పదహారు రోజులు. దానికి ముందు దుర్గిలో నెల. దుర్గిలో అతను సరాసరి ఇంట్లోకే వచ్చాడు. అప్పుడు విరిగిన మణికట్టు ఇప్పటికీ సరిగా తిరగదు.

ఆ తర్వాతే గృహహింస చట్టం కింద కోర్టు రక్షణ ఉత్తర్వు ఇచ్చింది. చక్రధర్ ఆమె దరిదాపులకి రాకూడదు. వస్తే జైలే. ఆ కాగితం కోసం నరసరావుపేటలో కిరాణా కొట్టు మూసుకుని మరీ కోర్టు చుట్టూ తిరిగింది ఆమె తండ్రి శ్రీమన్నారాయణ. ఆమె సిమ్ కార్డు విరిచి పారేసిందీ, ప్రతిసారీ తన కారులో కొత్త ఊరికి చేర్చిందీ ఆయనే.

ఇంటావిడ ఖదీజా ఫోన్ తీసుకుని స్టేషన్‌కి చేసింది సాత్విక. వస్తున్నామన్నారు. పిడుగురాళ్లలోనూ వచ్చారు, అతను వెళ్లిపోయిన గంటకి. తర్వాత తండ్రికి చేసింది. ఆయన వెంటనే బయల్దేరుతున్నానన్నాడు.

ఫోన్ తిరిగిస్తూ ఖదీజా మీద విరుచుకుపడింది.

"నేనిక్కడున్నానని ఎవరికి చెప్పావు పిన్నీ?"

"ఎవరికి చెబుతానే? వారం నుంచి పాలవాణ్ణి కూడా గేటు దాటనియ్యట్లా."

"మరి వాడికేమన్నా కలొచ్చిందా?"

ఖదీజా కిందికి వెళ్లి వీధి తలుపు గడియ వేసింది. దానికి అడ్డంగా తన మంచం లాగుతున్న చప్పుడు పైకి వినిపించింది.

సాత్వికకి మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లడానికి చాలాసేపు ధైర్యం చాలలేదు. చివరికి చూసేసరికి బెంచీ ఖాళీగా ఉంది. గుండెల్లో భయం తగ్గకపోగా ఇంకా పెరిగింది.

శ్రీమన్నారాయణ పెరటి గుమ్మంలోంచి వచ్చాడు. మెట్లెక్కిన ఆయాసంతోనే సంచి సర్దుకోమన్నాడు. మాచర్లలో తనకి తెలిసిన దానయ్య ఇంట్లో వెనక వాటా ఖాళీగా ఉందట. కారు వెనక సందులో పెట్టాడట.

సాత్వికకి మణికట్టు తిరక్క సంచి జిప్పు పడలేదు. ఆయనే వేశాడు.

"మాచర్ల సంగతి ఈవిడకి తెలియనియ్యమాక నాన్నా. ఇదంతా ఈవిడ పనే."

మంచినీళ్లు తెచ్చిన ఖదీజా గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఆవిణ్ణి అనమాకమ్మా, పాపం," అన్నాడు శ్రీమన్నారాయణ, సంచి భుజానికి తగిలించుకుంటూ. "పిల్లనిచ్చినవాణ్ణి, అల్లుడికి మాటమాత్రం చెప్పకుండా నిన్ను ఊరు మారిస్తే మర్యాద కాదని ప్రతిసారీ నేనే ఫోన్ చేసి చెబుతున్నా, ఇందాక మాచర్ల సంగతి కూడా చెప్పేశా."