పదకొండు కిలోల నిశ్శబ్దం

కంప్యూటర్‌కు తెచ్చిన మూడో క్యాబినెట్ పదకొండు కిలోలుంది. రెండంతస్తుల మెట్లెక్కి ఇంట్లోకి చేర్చేసరికి డెక్లన్‌కు నడుం పట్టేసింది. పెట్టె లోపలి గోడలన్నింటికీ మందపాటి నల్ల స్పాంజి. ముందు తలుపు ఫ్రిజ్ తలుపులా మెత్తగా మూసుకుంటుంది. చప్పుడు చేయని కంప్యూటర్ కోసం మనిషన్నవాడు ఇంతకన్నా ఏం చేయగలడు?

పక్కగదిలో భార్య మెరిన్ నిద్రపోవాలి. ఆమె ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. పొద్దున ఎనిమిదింటికి వచ్చి పడుకుంటుంది. సరిగ్గా అప్పుడే, పలచటి చెక్కగోడకు ఇవతల, డెక్లన్ ఉద్యోగం మొదలవుతుంది. టాస్మేనియా దీవికి జనాన్ని చేరవేసే ఒక ఓడల కంపెనీకి వచ్చే ఫిర్యాదులకు ఇంట్లో కూర్చుని జవాబులు రాయడం అతని పని. సూట్‌కేసు పోయింది, కుక్క వాంతి చేసుకుంది, కాఫీ చల్లగా ఇచ్చారు. రోజుకు తొంభై జవాబులు టకటకా రాసి పారేస్తాడు.

పాత కంప్యూటర్ మోతకు అంతులేదు. "నేను పెళ్ళాడింది నిన్నా, గడ్డి కోసే మిషన్నా?" అని మెరిన్ వేళాకోళమాడేది. ఆడుతూనే హాయిగా గుర్రుపెట్టేది. ఆ మాట మనసులో పెట్టుకుని, ఆమె పుట్టినరోజుకు కానుకగా కొత్తది తన చేతులతో బిగించాడు. తెర, కీబోర్డు, మౌసు తప్ప అన్నీ కొత్తవి. తన తెలివికి తనే మురిసిపోయాడు.

ఏం పాపమో, ఆ వారం నుంచే ఆమెకు నిద్ర కరువైంది.

మొదటి క్యాబినెట్‌ది పలచటి రేకు, అదే దోషి అనుకున్నాడు. మార్చాడు. రెండోది కాస్త స్పాంజి ఉన్నది. ఆమె నిద్ర మూడు గంటలకు పడిపోయింది. ఫ్యాన్లు మార్చాడు, స్క్రూల కింద రబ్బరు బిళ్ళలు వేశాడు. రెండు గంటలు. మోత ఎంత తగ్గిస్తే అంత ముదురుతోంది.

మొన్న పొద్దున ఇంటికొస్తూ మెరిన్ ఎర్రలైటు దగ్గర స్టీరింగు మీదే నిద్రపోయింది. వెనకవాడు హారన్ కొట్టి లేపాడు. ఇవాళ కూడా ఇంతే అయితే రేపటి నుంచి డెలొరైన్‌లో అక్క వాళ్ళింట్లో పడుకుంటానని ఆమె చెప్పేసింది. డెలొరైన్ అంటే కునికిపాట్లు పడుతూ యాభై కిలోమీటర్లు. సంచీ సర్దేసి గుమ్మం దగ్గర పెట్టింది కూడా.

"నాయనా, ఇంతకన్నా నిశ్శబ్దం కావాలంటే ఇక కంప్యూటర్ మానేసి కాగితం, పెన్నూ కొనుక్కో" అన్నాడు కంప్యూటర్ల కొట్టు నడిపే గార్త్, ఈ మూడోది అంటగడుతూ.

అన్నీ కొత్త పెట్టెలోకి మార్చి బిగించి, మెరిన్ పడుకున్నాక డెక్లన్ పరీక్ష మొదలుపెట్టాడు. పెట్టె మీద యాభై సెంట్ల బిళ్ళను అంచు మీద నిలబెట్టాడు. అది వణకలేదు. ముందు తలుపు మూసి, చప్పుడు కొలిచే మీటరు పక్కన పెట్టి, ఊపిరి బిగబట్టాడు. మొదటి పెట్టెకు ముప్పైఎనిమిది డెసిబెల్స్, దీనికి ఇరవైఆరు. చెవి ఆనించాడు. ఏమీ లేదు. అంకెలన్నీ పట్టికలోకి టకటకా ఎక్కించాడు. ఆ ఊపులోనే నిన్నటి ఫిర్యాదులు ఓ ఇరవై తెమిల్చాడు.

తలుపు తెరుచుకుంది. ఎర్రబడ్డ కళ్ళతో మెరిన్.

"ఎంతసేపు పడుకున్నాను?"

"నలభై నిమిషాలు."

"ఏదో మోగింది, డెక్."

ఇద్దరూ కదలకుండా నిలబడి విన్నారు. ఏమీ లేదు. యాభై సెంట్ల బిళ్ళ వెక్కిరిస్తున్నట్టు అలాగే నిలబడి ఉంది.

"చూశావా, లేచొస్తే ఉండదు. పడుకుంటే మళ్ళీ మొదలు. నాకు పిచ్చిగానీ పడుతోందా?"

డెక్లన్‌కు ఏడుపొక్కటే తక్కువ. ఈ దిక్కుమాలిన పెట్టెను కిటికీలోంచి కిందకు తోసేద్దామా అనిపించింది. ఫ్యాన్లు అప్పుడప్పుడూ వేగం పుంజుకుంటున్నాయేమో అన్నాడు. కూర్చుని కొలిచినప్పుడు పుంజుకోలేదుగా అంది ఆమె. స్పాంజి తిరగేసి అతికించారేమో అన్నాడు. ఆమె గుమ్మం దగ్గరి సంచీ వైపు చూసింది.

"ఒక్కసారి నా మాట విను," అన్నాడు. "నువ్విక్కడ కూర్చో. నేను నీ మంచం మీద పడుకుంటా. అక్కడ ఏం వినిపిస్తోందో నేనే పట్టుకుంటా."

"నేనిక్కడేం చెయ్యాలి?"

"నేను చేసేదే చెయ్యి. ఆ క్యాబినెట్ చేసినవాళ్ళకు ఫిర్యాదు రాయి. నోటికొచ్చినట్టు రాయి."

"అది నాకు చేతనవును," అని మెరిన్ కుర్చీ లాక్కుంది.

అతను వెళ్ళి తలుపు మూసుకున్నాడు. మంచం గోడవారనే ఉంది. దుప్పటి కప్పుకుని, కళ్ళు మూసుకుని, చెవి చెక్కగోడకు ఆనించాడు. ఇల్లంతా చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. కంప్యూటర్ జాడే లేదు. పదకొండు కిలోలకూ న్యాయం జరిగిందనుకున్నాడు.

అవతల మెరిన్ కడుపుమంట కొద్దీ మొదటి వాక్యం మొదలుపెట్టగానే అతని చెవిలో రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు మోగింది, మీటలు గట్టిగా టక్కుమంటేనే రాసినట్టుంటుందని తానే ఏరికోరి కొనుక్కున్న ఆ పాత కీబోర్డు.