కెప్టెన్ నాన్న సిబ్బంది

“నేను వేసుకోను,” అంటూ పదహారేళ్ల టెస్సా నీలం టీషర్టును మంచం మీదికి విసిరికొట్టింది.

విహారయాత్ర ఓడ ఇటలీలోని నేపుల్స్ రేవులో ఆగింది. గది బయట ఊరు చూడటానికి దిగేవాళ్ల సందడి.

“ఓడెక్కిన ప్రతి కుటుంబమూ ఒకే రకం చొక్కాలేసుకుని ఫొటో దిగుతోంది. మనకేం తక్కువే?” అంది తల్లి కోరిన్.

“ఏం తక్కువో దాని మీదే రాసుంది, చదువు.”

చదవక్కర్లేదు. ‘కెప్టెన్ నాన్న సిబ్బంది’. ఈ యాత్రకి టికెట్లు కొన్న రోజు మురిసిపోతూ ఆ చొక్కాలు అచ్చు వేయించింది పిల్లల నాన్న గ్రెగ్గే. వేసవి రాకముందే వేరే ఆవిడతో కాపురం పెట్టిందీ గ్రెగ్గే.

“కెప్టెన్ ఓడ దూకి పారిపోయాడమ్మా. ఇంకా ఆయన సిబ్బందేంటి మనం?”

“మీకు నాన్న లేని లోటు తెలియకూడదని తెచ్చానే.”

“నువ్వు బాధపడతావని నేను వేసుకున్నా,” అన్నాడు తమ్ముడు కోల్బీ, తన చొక్కా అంచు లాక్కుంటూ. “నాకూ ఇష్టం లేదు.”

కోరిన్ స్నానాల గదిలోకి వెళ్లి, తన చొక్కా తిరగేసి తొడుక్కుని వచ్చింది. అక్షరాలు లోపలికి పోయి, కుట్లు పైకి తేలాయి.

టెస్సా ఆమెను ఎగాదిగా చూసింది. మంచం మీది చొక్కా తీసి తనూ తిరగేసింది. కోల్బీ అప్పటికే తనది విప్పేస్తున్నాడు.

దిగే మెట్ల దగ్గర ఓడ ఫొటోగ్రాఫరు మొహమాటపడ్డాడు. “మేడమ్, ముగ్గురూ చొక్కాలు తిరగేసి వేసుకున్నారు.”

“తెలుసు బాబూ,” అంది కోరిన్, పిల్లల్ని చెరోపక్కకీ లాక్కుంటూ. “కుట్లు బాగా కనిపించేలా తియ్యి.”