తలుపు ముందు ఏడుపు

కథ, దర్శకత్వం, హీరో అన్నీ తానే అయి, మహానటుడు తన జీవితాన్నే సినిమాగా తీస్తున్నాడు. ఆరోజు సీను, అలిగి తలుపేసుకున్న భార్య కాళ్ల మీద పడి భోరుమనడం.

షాటు అయ్యేసరికి సెట్టంతా చప్పట్లు. పక్కనే కుర్చీలో ఉన్న అసలు భార్య వైపు తిరిగాడు.

"అప్పుడు అచ్చం ఇలాగే ఏడ్చాను కదూ?"

"ఇలాగేనండీ. కాకపోతే ముందు ముక్క వదిలేశారు."

"ఏ ముక్క?"

"తలుపు కొట్టేముందు కారు అద్దంలో చూసుకుంటూ రకరకాలుగా ఏడ్చి చూసుకున్నారుగా. కిటికీలోంచి అంతా చూశాను. అయినా పోన్లే పాపం అని తలుపు తీశాను."

మహానటుడి కళ్లు చెమర్చాయి, ఈసారి గ్లిజరిన్ లేకుండానే.

"అబ్బ, ఏం షాటు! కారు తెప్పించండి!" అని కేకేశాడు. "కిటికీలో భార్యని చూపించక్కర్లేదు. అద్దంలో నా క్లోజప్పు చాలు."